కొండదారిలో నాలుగు సైకిళ్లు

సైకిల్ మీద ఎంత దూరం పోవచ్చు?

పక్క ఊరి సంతకు పోవచ్చు. పాలకేంద్రానికి పోవచ్చు. బడికి పోవచ్చు. మరి హిమాలయ పర్వతాలు దాటి పోవచ్చా?

పోవచ్చు. ఏటా ఎండాకాలంలో ఎంతో మంది పోతున్నారు. మగవాళ్లు పోతున్నారు. ఆడవాళ్లూ పోతున్నారు.

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం జోరుగా సాగింది. అక్షరాలతో పాటు ఆడవాళ్లకు సైకిల్ తొక్కడం కూడా నేర్పారు. రాళ్ల క్వారీల్లో పనిచేసేవాళ్లు, పొలం కూలీలు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు వేల సంఖ్యలో నేర్చుకున్నారు. కొందరు నవ్వారు, ఎగతాళి చేశారు. వాళ్లు మాత్రం తొక్కడం మానలేదు. బస్సు కోసం, మగవాళ్ల కోసం కాచుకుని కూర్చునే పని తప్పింది.

ఈ పాఠంలో నలుగురు ఆడవాళ్లతో కలిసి మనమూ ఒక కొండదారిలో పోదాం. ఈ నలుగురూ పాఠం కోసం అనుకున్న మనుషులు. దారి మాత్రం నిజమైనది. ఆ కొండలు, సరస్సులు, ఎత్తులు అన్నీ నిజమైనవే.

నలుగురు స్నేహితురాళ్లు

వాళ్లది ధర్మవరం. ఒకామె టీచరమ్మ. ఒకామె నర్సమ్మ. ఇంకొకామె జాకెట్లు కుట్టే టైలరమ్మ. నాలుగో మనిషి టైలరమ్మ కూతురు. కాలేజీలో చదువుతోంది.

టైలరమ్మకు నలభై అయిదేళ్లు. నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. నేర్పింది ఈ టీచరమ్మే. ఒత్తులు దిద్దేటప్పుడు టైలరమ్మకు చేయి తిరిగేది కాదు. మిగతా వాళ్లు తర్వాతి పాఠానికి పోతామన్నారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "అక్కకు కూడా వచ్చాకే ముందుకు పోదాం" అంది. మూడు రాత్రులు ఆమె కోసం ఆగింది.

సైకిల్ నేర్పింది కూతురు. చెరువు కట్ట మీద పడుతూ లేస్తూ నేర్చుకుంది.

మనాలి నుంచి లేహ్ దాకా సైకిల్ మీద పోవచ్చని టీచరమ్మ ఒక పత్రికలో చదివింది. మనాలి హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. లేహ్ లద్దాఖ్‌లో ఉంది. పాత దారిలో దూరం సుమారు 470 కిలోమీటర్లు. మధ్యలో అయిదు పెద్ద కనుమలు దాటాలి. కొండల నడుమ దారి ఇచ్చే చోటును కనుమ అంటాం కదా. లద్దాఖ్ వాళ్లు దానిని 'లా' అంటారు.

ఏడాది పాటు చీటీ కట్టి డబ్బు కూడబెట్టారు. రోజూ పొద్దున్నే ఊరి పక్క గుట్ట ఎక్కి దిగారు. పంక్చరు వేయడం, చైను బిగించడం, బ్రేకు మార్చడం నలుగురూ నేర్చుకున్నారు. కొండల్లో సైకిల్ షాపు ఎక్కడ దొరుకుతుంది?

బయలుదేరే ముందు ఒక మాట అనుకున్నారు. అందరికంటే వెనక ఎవరుంటే వాళ్ల వేగమే జట్టు వేగం. ఎవరినీ విడిచి పోకూడదు.

టైలరమ్మ ఒక రూళ్ల నోటు పుస్తకం కొనుక్కుంది. రోజూ రాత్రి అందులో నాలుగు ముక్కలు రాయాలని ఆమె పట్టుదల. ఎంత దూరం వచ్చాం? ఎంత ఖర్చయింది? ఎవరు ఎలా ఉన్నారు? అంతే.

మొదటి కనుమ

జూన్ నెలాఖరులో మనాలి చేరారు. మంచు వల్ల ఈ దారి చలికాలమంతా మూతపడుతుంది. ఎండాకాలంలోనే తెరుస్తారు.

మనాలి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ రెండు రోజులు ఊరికే ఉన్నారు. కొత్త గాలికి ఒళ్లు అలవాటు పడాలి.

2020 అక్టోబరులో ఇక్కడ కొండ కింద నుంచి అటల్ సొరంగం తెరిచారు. దాని పొడవు సుమారు 9 కిలోమీటర్లు. ఇప్పుడు చాలా బండ్లు అందులోంచే పోతాయి. మన వాళ్లు మాత్రం పాత దారి పట్టారు. రోహ్‌తాంగ్ కనుమ ఎక్కారు. దాని ఎత్తు 3,978 మీటర్లు.

ఎక్కుడు దారిలో గేర్ల సైకిల్ మేలు చేస్తుంది. చైనును ముందర చిన్న పళ్లచక్రం మీదికి, వెనక పెద్ద పళ్లచక్రం మీదికి మార్చాలి. అప్పుడు తొక్కడం తేలికవుతుంది. అయితే ఒక్కో తొక్కుకు బండి కొంచెమే కదులుతుంది. తొందర పనికిరాదు.

మొదటి రాత్రి మర్హి అనే చోట ఆగారు. రెండో రోజు కనుమ దాటారు.

దాటగానే కూతురు బ్రేకు వేసి ఆగిపోయింది.

"అమ్మా, చెట్లేవీ?" అంది.

నిజమే. ఇవతల దేవదారు చెట్లు, పచ్చిక, తడి. అవతల ఎక్కువగా గోధుమ రంగు కొండలే. ఎందుకిలా?

వానమబ్బులు దక్షిణం వైపు నుంచి వస్తాయి. కొండలు వాటికి అడ్డం నిలుస్తాయి. మబ్బులు ఇవతలే కురిసిపోతాయి. అవతలికి చేరేది కొంచెమే. అలాంటి చోటును వానచాటు ప్రాంతం అంటారు.

"మన అనంతపురం మాదిరే" అంది టైలరమ్మ.

ఆమె సరిగ్గానే చెప్పింది. అనంతపురానికి పడమటి కనుమలు అడ్డం. లద్దాఖ్‌కు హిమాలయాలు అడ్డం. రెండు చోట్లా వాన తక్కువే. అయితే లద్దాఖ్ మరీ ఎండిన చోటు. అది చలి ఎడారి.

మరి అక్కడ పంటలకు నీళ్లెలా? కొండల మీది మంచు కరిగి వాగులుగా దిగుతుంది. ఆ నీళ్లను కాలువలతో పొలాలకు తిప్పుకుంటారు. బార్లీ, బఠాణీ, ఆలుగడ్డ పండిస్తారు.

రెండు నదులు

మూడో రోజు చంద్ర నది వెంట సాగారు. తాండీ అనే ఊరి దగ్గర చంద్ర నదిలో భాగ నది కలుస్తుంది. అక్కడి నుంచి దాని పేరు చంద్రభాగ. దిగువకు పోయాక దానినే చీనాబ్ అంటారు.

వాళ్లు భాగ నది వెంట ఎగువకు తిరిగారు. నాలుగో రోజుకు జిస్పా చేరారు. జిస్పా ఎత్తు సుమారు 3,200 మీటర్లు.

అక్కడి హోటలామె ఒక మంచి మాట చెప్పింది. "పైన రోడ్డు మీదుగా వాగులు పారుతుంటాయి. వాటిని పొద్దున్నే దాటండి. మధ్యాహ్నమైతే కష్టం."

కారణం తేలికే. రాత్రి చలికి మంచు కరగదు. పొద్దున వాగులో నీళ్లు తక్కువ. ఎండెక్కే కొద్దీ మంచు కరుగుతుంది. మధ్యాహ్నానికి వాగు పొంగుతుంది. పొద్దున మడమలు తడిసే వాగే సాయంత్రానికి మోకాళ్లు దాటుతుంది. అందుకే వీళ్లు రోజూ తెల్లారకముందే లేచేవాళ్లు.

టైలరమ్మ నోటు పుస్తకం

అయిదో రోజు అందరికీ హుషారుగా ఉంది. దారిలో దీపక్ తాల్ అనే చిన్న సరస్సు చూశారు. కొండ నీడ నీళ్లలో తలకిందులుగా కనిపించింది. అక్కడ కూర్చుని అటుకులు తిన్నారు.

ఆ రాత్రి పత్సేవ్‌లో ఆగాలి. అది సుమారు 3,800 మీటర్ల ఎత్తున ఉంది. కానీ ఎండ ఇంకా ఉంది. "ఇంకాస్త పోదాం. రేపటి పని తగ్గుతుంది" అంది టీచరమ్మ. అందరూ సరేనన్నారు. సాయంత్రానికి జింగ్‌జింగ్‌బార్ చేరారు. అది సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉంది. ఒక్క రోజులో వెయ్యి మీటర్లకు పైగా ఎక్కేశారు.

రాత్రి టీచరమ్మ అన్నం ముట్టలేదు. "ఆకలి లేదు. ఎండ తగిలింది, అంతే" అంది. అర్ధరాత్రి వాంతి చేసుకుంది.

నర్సమ్మ ఆమె పక్కనే కూర్చుంది. ఇది కొండజబ్బు అని ఆమెకు అనుమానం వచ్చింది.

కొండజబ్బు అంటే ఏమిటి? పైకి పోయే కొద్దీ గాలి పలచనవుతుంది. 5,000 మీటర్ల ఎత్తున ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రం ఒడ్డున అందేదానిలో సుమారు సగమే. మెల్లగా పైకి పోతే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. గబగబా పోతే తట్టుకోలేదు. తలనొప్పి వస్తుంది. ఆకలి పోతుంది. వాంతి వస్తుంది. నిద్ర పట్టదు. ఇది బలమున్న వాళ్లకూ రావచ్చు. వయసులో ఉన్నవాళ్లకూ రావచ్చు. చదువుకున్నవాళ్లకూ రావచ్చు.

నర్సమ్మ టార్చిలైటు వేసి టీచరమ్మను సరళరేఖ మీద నడవమంది. ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు ఆనించి నడిచింది. తూలలేదు. మాట తడబడలేదు. ఊరికే ఉన్నప్పుడు ఆయాసం లేదు. నర్సమ్మ కొంచెం స్థిమితపడింది. అయినా తెల్లవార్లూ కాపలా కాసింది.

తెల్లారింది. తలనొప్పి తగ్గలేదు.

"పదండి, ఈ రోజు కనుమ దాటేద్దాం. అవతల పడుకుంటే తగ్గుతుంది" అంది టీచరమ్మ.

"పైకి పోతే ఎక్కువవుతుంది మేడమ్" అంది నర్సమ్మ.

"ఏం లేదు. నిన్న రాత్రే వచ్చింది. పోతుందిలే."

అప్పుడు టైలరమ్మ నోటు పుస్తకం తెరిచింది. వేలు పెట్టి మెల్లగా చదివింది.

"నాలుగో రోజు. జిస్పా. టీచరమ్మకు తలనొపి. సగం రొట్టె తినింది. నిద్ర పోలేదు."

'తలనొప్పి' అనే మాటకు ఒత్తు పడలేదు. మాట తప్పినా సంగతి తప్పలేదు. జబ్బు నిన్న రాలేదు. మొన్ననే మొదలైంది. టీచరమ్మ ఎవరికీ చెప్పలేదు. అందరికీ నేర్పే మనిషి తానే వెనకబడితే ఏమనుకుంటారో అనుకుంది.

ఆమె తల దించుకుంది. "మీరు ముగ్గురూ పోండి. సెలవులు అయిపోతున్నాయి. నేను లారీ ఎక్కి కిందికి పోతా."

టైలరమ్మ పుస్తకం మూసింది.

"ఒత్తులు రానప్పుడు మూడు రాత్రులు నా కోసం ఆగావు కదమ్మా. ఇప్పుడు మేం ఆగకూడదా?"

టీచరమ్మ మాట్లాడలేదు. కళ్లు తుడుచుకుంది.

గంటలో ఒక ఖాళీ లారీ వచ్చింది. నాలుగు సైకిళ్లూ అందులో వేశారు. నలుగురూ జిస్పాకు దిగారు. సాయంత్రానికి టీచరమ్మ తలనొప్పి సగం తగ్గింది. మర్నాడు పప్పన్నం తినింది.

బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారు పెద్దలు. కనుమ ఎక్కడికీ పోదు.

నది పుట్టిన చోటు

ఎనిమిదో రోజు మళ్లీ బయలుదేరారు. ఈసారి పత్సేవ్‌లో రెండు రాత్రులు ఉన్నారు. తర్వాత జింగ్‌జింగ్‌బార్‌లో ఒక రాత్రి. రోజూ రాత్రి నర్సమ్మ అందరినీ అడిగేది. టైలరమ్మ రాసేది. ఇప్పుడు ఎవరూ దాచలేదు.

పదకొండో రోజు బారాలాచా లా ఎక్కారు. అది సుమారు 4,890 మీటర్ల ఎత్తు. పది తొక్కులు తొక్కడం, ఆగడం. ఊపిరి తీసుకోవడం, మళ్లీ పది తొక్కులు.

కనుమకు కొంచెం ముందర సూరజ్ తాల్ కనిపించింది. చుట్టూ మంచు. మధ్యలో నీలం నీళ్లు. భాగ నది పుట్టేది ఇక్కడే. మూడో రోజు తాండీలో రాళ్లను దొర్లించుకుంటూ పారిన నది ఇక్కడ సన్నటి పాయ.

కూతురు అటొక కాలు, ఇటొక కాలు వేసి నిలబడింది. "నది దాటేశాను చూడమ్మా!" అంది. అందరూ నవ్వారు.

ఆ రాత్రి సార్చు చేరారు. హిమాచల్, లద్దాఖ్ కలిసేది అక్కడే.

పప్పు ఎందుకు ఉడకలేదు?

సార్చు తర్వాత గాటా లూప్స్ అనే మెలికల దారి వస్తుంది. మొత్తం 21 మలుపులు. తర్వాత నకీ లా, లాచులుంగ్ లా అనే రెండు కనుమలు. వాటి మధ్య ఒక టెంటులో పడుకున్నారు. పదమూడో రోజు పాంగ్ చేరారు.

పాంగ్ సుమారు 4,600 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలంలో అక్కడ టెంటు హోటళ్లు పెడతారు. చాలా వాటిని లద్దాఖీ ఆడవాళ్లే నడుపుతారు. ఎదురుపడితే 'జూలే' అని పలకరిస్తారు. మన నమస్కారం లాంటి మాట అది.

టైలరమ్మ తమ గిన్నెలో పప్పు పెట్టింది. నీళ్లు తొందరగానే తెర్లాయి. గంట దాటినా పప్పు మెత్తబడలేదు. టెంటు యజమానురాలు నవ్వి కుక్కరు తెచ్చిచ్చింది.

మన ఊళ్లో నీళ్లు సుమారు 100 డిగ్రీల వేడికి మరుగుతాయి. పాంగ్‌లో గాలి ఒత్తిడి తక్కువ. అక్కడ సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి. నీళ్లు తెర్లుతున్నా వాటిలో వేడి చాలదు. అందుకే పప్పు ఉడకదు. కుక్కరు ఆవిరిని లోపలే బిగించి పెడుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. వేడి పెరుగుతుంది. పప్పు ఉడుకుతుంది.

చూడని సరస్సు

పాంగ్ దాటితే మోరే మైదానం. సుమారు 40 కిలోమీటర్లు చదును నేల. రోడ్డు పనిలో కూలీలు కనిపించారు. ఈ దారి పనులకు జార్ఖండ్, బీహార్ నుంచి కూలీలు వస్తారు. వాళ్లు రాళ్లు పరిస్తేనే ఈ దారి ఉంది. నలుగురూ దిగి వాళ్లతో టీ తాగారు.

మైదానం చివర దారి చీలింది. ఒక బాణం గుర్తు సో కర్ సరస్సు వైపు చూపింది. సో అంటే సరస్సు. కర్ అంటే తెలుపు. అది ఉప్పునీటి సరస్సు. ఒడ్డున ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. నల్లమెడ కొంగలు ఎండాకాలంలో అక్కడికి వస్తాయి. చాంగ్‌పా అనే పశువుల కాపరులు చుట్టుపక్కల మేకలు మేపుతారు. ఆ మేకల మెత్తటి బొచ్చుతోనే పశ్మీనా శాలువలు నేస్తారు.

ఆ సరస్సు చూడాలని అందరికంటే ఎక్కువ ఆశపడింది టీచరమ్మ. కానీ పోయి రావడానికి రెండు రోజులు కావాలి. ఆ రోజులు జిస్పాలో అయిపోయాయి.

ఆమె బోర్డు వైపు చూస్తూ నిలబడింది. "నా వల్లే మీరెవరూ చూడలేకపోయారు" అంది.

"పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు మేడమ్" అంది నర్సమ్మ.

"ఇంకో ఏడు చీటీ కడదాం" అంది టైలరమ్మ.

పదిహేనో రోజు తగ్లాంగ్ లా ఎక్కారు. 5,328 మీటర్లు. దారి మొత్తంలో అదే పెద్ద ఎత్తు. అక్కడ నలుగురూ ఒకేసారి చేరలేదు. ముందు చేరిన ముగ్గురూ కనుమ రాయికి పది అడుగుల ఇవతలే ఆగారు. టీచరమ్మ వచ్చాక నలుగురూ కలిసి ఆ పది అడుగులు నడిచారు.

పదహారో రోజు సింధు నది ఒడ్డు వెంట తొక్కి లేహ్ చేరారు.

ఆ రాత్రి టైలరమ్మ ఇలా రాసింది: "పదహారో రోజు. లేహ్. నలుగురం బాగున్నాం. ఎవరికీ తలనొప్పి లేదు."

ఈసారి ఒత్తు సరిగ్గా పడింది.

గుర్తుంచుకోండి

1. ఎత్తైన కొండలకు మెల్లగా పోవాలి. 3,000 మీటర్లు దాటాక, ముందు రాత్రి పడుకున్న చోటు కంటే 500 మీటర్ల కన్నా పైన పడుకోకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు ఆగాలి.

2. తలనొప్పి, వాంతి ఉంటే ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోతే కిందికి దిగాలి.

3. నడక తూలినా, మాట తడబడినా, ఊరికే ఉన్నప్పుడు ఆయాసం వచ్చినా ప్రాణాపాయం. రాత్రయినా సరే, వెంటనే కిందికి దింపాలి. డాక్టరుకు చూపాలి.

4. ఒంట్లో బాగాలేకపోతే తోటివాళ్లకు చెప్పాలి. దాచకూడదు.

5. కేదార్‌నాథ్, అమర్‌నాథ్ యాత్రలకు పోయేవాళ్లకూ ఈ మాటలు పనికొస్తాయి. గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు ముందుగా డాక్టరును అడగాలి.

ప్రశ్నలు

1. కొండవాగును పొద్దున్నే ఎందుకు దాటాలి?

2. అనంతపురానికి, లద్దాఖ్‌కు ఉన్న పోలిక ఏమిటి?

3. టీచరమ్మ తన తలనొప్పిని ఎందుకు దాచింది? మీరైతే ఏం చేసేవాళ్లు?

4. టైలరమ్మ నోటు పుస్తకం ఎలా పనికొచ్చింది?

లెక్క చేయండి

జిస్పా 3,200 మీటర్లు. పత్సేవ్ 3,800 మీటర్లు. జింగ్‌జింగ్‌బార్ 4,250 మీటర్లు. అయిదో రోజున ఎన్ని మీటర్లు ఎక్కారు? రెండోసారి పత్సేవ్‌లో రెండు రాత్రులు ఎందుకు ఉన్నారు?

చేసి చూడండి

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఒక కాగితం తీసుకోండి. ఏ రోజు మొదలైంది, ఏం తిన్నారు, ఏ మాత్ర ఎప్పుడు వేశారు, రోజూ రెండు ముక్కలు రాయండి. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు ఆ కాగితం వెంట తీసుకుపోండి. ఒత్తులు తప్పుతాయని జంకకండి.